పసుపు కల్లంల రాళ్ళు ఏరిన పొద్దు

మొన్న సిరిసిల్లల బస్సెక్కి కోరుట్లకు పోతున్న. వేములవాడ దాటినంక బస్సుల ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే మొత్తుకున్నయి. కునుకు తీసెటోళ్ళు ఉలిక్కిపడి లేచిండ్రు. ఎవరి ఒళ్ళోనో పడుకున్న చంటిపిల్ల ఏడుపు అందుకున్నది. చూస్తే వాతావరణ హెచ్చరిక. కొద్ది గంటల్లో జిల్లాల అక్కడక్కడ ఉరుములు, మెరుపులతోటి వడగండ్ల వాన పడొచ్చునట.

నా పక్క సీట్ల కూసున్న కాలేజీ పిల్ల కిటికీలకెళ్ళి ఆకాశం చూసి మూతి తిప్పింది.

"ఒళ్ళు కాలేటట్టు ఎండ కొడుతుంటే వడగండ్లంట! వీళ్ళకేం పనిలేదు మేడం."

"ఎండ గిట్ల కొడితేనే పడ్తయి," అన్న.

"మంచుగడ్డలు ఎండకు పడ్తయా?"

"పడుడు కాదు, ఎండకే పుడ్తయి. ఏం చదువుతున్నవు?"

"బీకాం."

"అయితే నీ తప్పు కాదు తియ్యి."

పిల్ల నవ్వింది. ఈమెతోటి పెట్టుకునుడు ఎందుకనుకున్నదో ఏమో, చెవులల్ల వైర్లు పెట్టుకున్నది. నేను మాత్రం ఆ మెసేజ్‌ల ఒక్క మాట కాడ ఆగిపోయిన. అక్కడక్కడ. అక్కడక్కడ అంటే ఎక్కడ? ఎవరి చేను మీద, ఎవరి కల్లం మీద? ఇన్నేండ్ల నుంచి ఆకాశంల యంత్రాలు తిప్పుతున్నరు గని ఆ ఒక్క మాటను ఎవరూ మార్చలేదు. బాపు అంటే మాకు నాయన. ఆయన రేడియోల కూడ గదే మాట ఉండేది. ఆ మాట పట్టుకొని ఒకనాడు మా ఇంట్ల అయిన లొల్లి నాకు ఇంక చెవులల్లనే ఉన్నది.

అప్పుడు నేను గౌను తొడుక్కునే పిల్లను. మా ఊరు కథలాపూర్ దగ్గర. ఆ దిక్కు అప్పట్ల ఏ చేన్ల చూసినా పసుపే. వానకాలం మొదట్ల పెడితే చలి పోయే యాళ్ళకు తవ్వుతరు. తొమ్మిది నెలలు. మా బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి, "ఇది పంట కాదే, కడుపు. మోసుడు ఒక ఎత్తు, కనుడు ఒక ఎత్తు," అనేది. కనుడు అంటే ఆమె లెక్కల ఉడకబెట్టి, ఎండబెట్టి, బండికెత్తుడు దాక.

తవ్వుకొచ్చిన పసుపును కల్లం కాడ పెద్ద ఇనుప కడాయిల పోసి ఉడికించి, నేల మీద పలుచగ పరుస్తరు. ఆ ఉడికే వాసన ఎట్లుంటదని అడిగితే ఇప్పటికీ సరిగ్గ చెప్పరాదు నాకు. అల్లం, తడిమన్ను, పొగ, జర కర్పూరం కలిపినట్టుంటది. బస్సు దిగినోళ్ళకు ఊరి ఇండ్లు కనపడకముందే ఆ వాసన ఎదురొచ్చేది. మాకు పలక మీద పసుపు ఏళ్ళ అచ్చులే, గౌను మీద పసుపు చేతుల అచ్చులే. కల్లం కాడ తినే జొన్న గట్క, చల్ల, మామిడికాయ తొక్కు, ఏది నోట్ల పెట్టుకున్నా ముందు పసుపు తగిలేది. తిండి రుచి తరువాత సంగతి.

మా చిన్నత్త బాపుకు ఆఖరి చెల్లె. జగిత్యాల కాలేజీల బీఎస్సీ చదువుతుండె. పరీక్షలకు చదువుకోమని సెలవులిస్తే ఇంటికొచ్చి, ఒక చేతిల పుస్తకం, ఒక చేతిల పసుపు కలిపే కట్టె పట్టుకొని కడాయి కాడ కూసునేది. ఒకనాడు నేనూ ఆమె కలిసి కోడిగుడ్లు పాతగుడ్డల మూటగట్టి ఉడికే పసుపుల ఏసినం. తీసి చూస్తే బంగారం తీరు మెరుస్తున్నయి. బాపమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నది.

"ఏందే, గుడ్లకు నలుగు పెడుతున్నరా? ముహూర్తం ఎన్నడు?"

అని, అందట్ల పెద్దది ఏరుకొని తానే తిన్నది.

ఆ తల్లీబిడ్డలకు ఏ విషయంలనూ పొసగకపోయేది. అందట్ల ఆకాశం విషయంల అసలే పొసగకపోయేది. బాపమ్మ చీమలను చూసి చెప్పేది, గాలిని చూసి చెప్పేది, మోకాళ్ళ నొప్పిని చూసి చెప్పేది. చానసార్లు తప్పయ్యేది, తప్పయిందని మాత్రం ఒప్పుకోకపోయేది. చిన్నత్త పుస్తకంలున్నది చెప్పేది. పుస్తకంల మా ఊరి పేరు లేకపాయె. ఇగ నా నోరు ఆ ఇద్దరిల ఎవరి పోలికో మా ఇంట్ల ఇప్పటికీ తేలలేదు. నా దిక్కు ఏలు చూపెట్టి, "నీదే" అంటే "నీదే" అనేటోళ్ళు.

ఆనాడు పొద్దున లేచేసరికి కల్లం పక్కన గడ్డి మీద మంచు బాగ ఉన్నది. బాపమ్మ అందట్లకెళ్ళి నడిచొచ్చి, తడిసిన కాళ్ళు చూపెట్టింది.

"మంచు గట్టిగ పడ్డది. ఇయ్యాల వాన రాదు."

"మంచు పడదే అవ్వా," అన్నది చిన్నత్త పుస్తకంలకెళ్ళి తల ఎత్తకుంటనే. "రాత్రి మబ్బు లేకుంటే భూమి సల్లబడ్తది. గాలిల ఉన్న తేమ ఆ సల్లటి గడ్డిని తాకి ఆడనే నీళ్ళయితది. పైనుంచి ఏం పడలే."

"పడ్డా, పుట్టినా తడిసింది నా కాళ్ళే గద! మొగులు లేదని నువ్వే అంటివి. నేనన్నదీ గదే."

"రాత్రి లేదన్న. పగటి సంగతి నేను చెప్పలే."

గప్పుడే బాపు రేడియో వార్తలు విని కల్లం కాడికొచ్చిండు.

"ఉత్తర తెలంగాణల అక్కడక్కడ ఉరుములతోటి జల్లులంట. ఆడీడ వడగండ్లు కూడ పడొచ్చునంట."

"అక్కడక్కడ అంటే ఏడ?" అని బాపమ్మ ఎగిరింది. "కోరుట్లనా? జగిత్యాలనా? ఊరి పేరు చెప్పరాదా వానికి? పిలుపులకొచ్చినోడు ఇంటి పేరు చెప్పకుంట 'ఆడాడ పెండ్లిళ్ళున్నయి రాండ్రి' అంటే పోతమా మనం?"

నేను పడీ పడీ నవ్విన. బాపు నవ్వలేదు. కల్లం నిండ సగం ఎండిన పసుపు పరిచి ఉన్నది. ఉడికిన పసుపు సగం ఎండినంక మల్ల తడిస్తే ఆ ఏడాది అయిపోయినట్టే. లోపల నల్లబడ్తది, బూజు వాసనొస్తది, మార్కెట్ల ఎవరూ దాని మొఖం చూడరు. పోనీ కుప్పజేసి పరదాలు కప్పుదమంటే, లోపలి తడికి, పైన ఎండకు కుప్ప ఉక్కపోసి చెమట పడ్తది. అదీ పాడే. కప్పితే ఒక బుగులు, కప్పకుంటే ఇంకో బుగులు. మా తిండి, బట్ట, చిన్నత్త చదువు, అన్నీ ఆ నేల మీద పచ్చగ పరుచుకొని పడుకున్నయి.

"ఏమంటవు చెల్లె?" అన్నడు బాపు.

"మబ్బు కనపడ్డంక చెప్పొస్తది అన్నా."

"కనపడ్డంక నేను కూడ చెప్త," అన్నది బాపమ్మ.

"కనపడ్డంక మన బర్రె కూడ చెప్తది!" బాపు కసిరిండు. "ఇప్పుడు చెప్పుండ్రి!"

బాపమ్మ మోకాళ్ళు ఒత్తుకొని చూసింది, చిన్నత్త పుస్తకంల పేజీలు తిప్పింది. బాపు పరదాలు మడిచి కల్లం గట్టు మీద పెట్టిచ్చిండు, పసుపును ఎండకే వదిలిండు.

పగటికి ఎండ ముదిరింది. గాలి నిలిచిపోయింది. కడాయి కాడ ఆఖరి పసుపు ఉడుకుతున్నది. నేను చిన్నత్త ఒడిల తల పెట్టుకొని, రాళ్ళ వాన ఎట్ల పడ్తదని అడిగిన.

"ముసురు వేరు, వాన వేరు, రాళ్ళు వేరు," అని మొదలుపెట్టింది. ముసురు మబ్బు పలుచగ, కిందనే పరుచుకొని ఉంటదంట. అందట్ల చినుకు పెరిగే జాగ ఉండదు, తుప్పర తుప్పరగ రాలతది. పెద్దవాన మబ్బు నిలువుకు ఎదుగుతది. దాని నెత్తి కాడ ఎండకాలంల కూడ గడ్డకట్టే చలి. "ఆడ నీళ్ళు మంచుపువ్వులైతయి. కిందికి దిగుతుంటే మన వేడికి కరిగి చినుకులైతయి. మన నెత్తి మీద పడే వాన చానసార్లు మంచేనే. తొవ్వల కరిగింది, గంతే. చల్లటి దేశాలల్ల కరగకుంట అట్లనే పడ్తది."

నేను లేచి కూసున్న. అప్పటిదాక మంచుగడ్డంటే నాకు పుల్ల ఐసు అమ్మెటోని డబ్బాల ఉండేదే. ప్రతి ఆషాఢంల నెత్తి తడుపుకొని తిట్లు తిన్న వానంతా పైన మంచుపువ్వులే అంటే, నా నెత్తి తడిమి చూసుకున్న.

"మరి రాళ్ళు?"

చిన్నత్త ఎండిన పసుపాకు ఒకటి నలిపి పొయ్యి మీదికి విసిరింది. ఆ తునకలు మంట సెగకు పైకి లేచినయి. పక్కకు జరిగినవి కింద పడబోయినయి, మల్ల సెగ తగిలి మల్ల లేచినయి.

"గిట్ల. ఎండకు కాలిన గాలి కిందికెళ్ళి పైకి తన్నుతది. నీటిచుక్క పైకి పోయి గడ్డకడ్తది. పడబోతది, గాలి మల్ల తన్నుతది. తిరిగినప్పుడల్ల ఒక పొర ఎక్కుతది. ఇగ మొయ్యలేనంత బరువైనంక గాలి దాన్ని వదిలేస్తది."

బాపమ్మ చేటల మక్కలు చెరుగుకుంట అంతా విన్నది.

"అంటే అగ్గి మంచును కంటదంటవు."

"అగ్గి కనదు, మోస్తది."

"నీ పుస్తకం రాసినోనికి ఎండదెబ్బ తాకిందే బిడ్డా."

జరసేపటికి కోరుట్ల దిక్కు మబ్బు లేచింది. ముందు తెల్లగ, గోబీపువ్వు మీద గోబీపువ్వు పెట్టినట్టు. చూస్తుండంగనే అది సూర్యున్ని మింగింది. దాని కడుపు రంగు నల్లది కాదు, పాచి పట్టిన బాయి నీళ్ళ రంగు. ఎక్కడికెళ్ళో సల్లటి గాలి కాళ్ళకు కొట్టింది. ఐసు డబ్బా మూత తీసినట్టయింది.

"అన్నా! పరదాలు!" చిన్నత్త పుస్తకం పారేసి ఉరికింది.

బాపు, అమ్మ, చిన్నత్త పసుపును దగ్గరికి గుంజి కుప్పజేస్తున్నరు. కల్లం పైభాగం మీద పరదాలు పడ్డయి. కిందిభాగం మీదికి రాకముందే గాలి అందుకున్నది. బాపు ఒక కొసన పడుకున్నడు, అమ్మ ఒక కొసన కూసున్నది. కిందిభాగం పసుపు పరిచింది పరిచినట్టే ఉన్నది. చిన్నత్త నన్ను ఎడ్లబండి కిందికి గుంజింది.

మొదటి రాయి కడాయి అంచు మీద పడ్డది. గుడి గంట మోగినట్టు ఖంగుమన్నది. కొంచెం ఆగి ఇంకోటి. ఆ తరువాత ఏదీ ఒక్కటిగ వినపడలేదు. ఆకాశమంతా ఒక్క చప్పుడయింది. రేగుపండ్లంత, నిమ్మకాయలంత తెల్లటి రాళ్ళు పసుపు మీద పడి పేలాల తీరు ఎగురుతున్నయి. ఎగిరినప్పుడల్ల పసుపు దుమ్ము లేస్తున్నది. ఉడికే కడాయిల పడ్డవి సుయ్యిమని మాయమైతున్నయి. అమ్మ తన కొసన తట్ట నెత్తికి పెట్టుకొని ముడుచుకున్నది. బాపు నెత్తి మీద గంప బోర్లించుకొని పరదా మీద అట్లనే పడున్నడు. ఆ గంప మీద రాళ్ళు డప్పు కొట్టినట్టు కొడుతున్నయి. నేను చూస్తుండంగనే మా పచ్చటి కల్లం తెల్లగయింది. అంత భయం, అంత సంబురం ఒక్కసారే నాకు మల్ల ఎన్నడూ కలగలేదు. చిన్నత్త నా చెయ్యి పట్టుకొని ఉన్నది. పుస్తకంల చదివినామె, ఆమె కూడ కండ్లతోటి చూసుడు అదే మొదలు.

ఎట్ల మొదలైందో గట్లనే ఆగింది. వెనుక రావాల్సిన వాన మా మీద నాలుగు చినుకులు రాల్చి పక్క ఊరి దిక్కు పోయింది. అప్పుడు అర్థమైంది నాకు, అక్కడక్కడ అంటే ఏందో. ఈసారి అది మా కల్లమే. తెగిపడ్డ ఏపాకు, నలిగిన మామిడాకు వాసన గుప్పున కొట్టింది. అప్పుడే ఎండ, ఏం ఎరుగనట్టు, మల్ల వచ్చింది.

ఆ ఎండను చూసి బాపు మొఖం తెల్లబోయింది. కిందిభాగం పసుపు నడుమ రాళ్ళు కుప్పలు కుప్పలుగ పడున్నయి. ఇప్పటిదాక అవి రాళ్ళు. కరిగితే నీళ్ళు.

"ఏరుండ్రి! కరగకముందే ఏరుండ్రి!"

నలుగురం కల్లంల పడ్డం. గంపలకు, తట్టలకు రాళ్ళు ఎత్తి గట్టవతల పోస్తున్నం. కొంచెంసేపట్ల చేతులు తిమ్మిరెక్కినయి. ఏది కొమ్మో, ఏది రాయో ఏళ్ళకు తెలుస్తలేదు. రాళ్ళు కూడ పసుపు పూసుకొని కొమ్ముల తీరే ఉన్నయి. నేను ఒకటి నోట్లేసుకున్న. పండ్లు జివ్వుమన్నయి, నాలుక చేదయింది.

"తినుడు ఆపి ఏరవే పోరీ!" అమ్మ నా వీపు మీద ఒకటేసింది.

అప్పుడొచ్చింది బాపమ్మ, ఇంట్లకెళ్ళి పిడికిట్ల దొడ్డుప్పు పట్టుకొని. "ఊరి కన్నంతా మన కల్లం మీదనే ఉన్నది," అనుకుంట పసుపు చుట్టు చెయ్యి తిప్పి దిష్టి తీసింది. మా ఇండ్లల్ల పిల్లకు జరమొచ్చినా, బర్రె పాలియ్యకున్నా అదే మందు. తీసిన ఉప్పును ఒక మూలకు విసిరింది. మల్ల పిడికిలి నింపింది.

"ఉప్పు వద్దే అవ్వా!" చిన్నత్త మొత్తుకున్నది. "ఉప్పు తాకితే ఇంక జల్ది కరుగుతయి!"

"కరగాలనే గదనే ఏస్తున్న!"

"కరగొద్దనే గదనే ఏరుతున్నం!"

బాపమ్మ చెయ్యి గాల్లనే ఆగింది. ఉప్పు పడ్డ మూల రాళ్ళు మా కండ్ల ముందటనే గుల్లబడి, కుంగి, నీళ్ళయి పసుపుల ఇంకిపోతున్నయి. బాపమ్మ అది చూసి మురిసిపోయింది.

"చూడు! దిష్టి ఎంతున్నదో చూడు! ఎట్ల కరుగుతున్నదో!"

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుత," అన్నడు బాపు, "ఆ పిడికిలి జర మూసి పెట్టుకో."

ఆ మూల పోయింది. మిగిలింది ఏరినం. పొద్దు వంగేదాక పరదాలు తీసి, పసుపును కట్టెలతోటి మర్లేసి మర్లేసి గాలికి పెట్టినం. అమ్మ ఏళ్ళు ఉబ్బినయి. బాపు వీపు మీద నల్లటి మచ్చలు తేలినయి.

చిన్నత్త ఒక పెద్ద రాయిని దాచి పెట్టింది. అందరం గట్టు మీద కూలబడ్డంక కొడవలితోటి దాన్ని రెండు చేసింది. లోపల ఉల్లిగడ్డ తీరు పొరలు. ఒకటి తెల్లది, ఒకటి నీళ్ళ తీరు తేటది, మల్ల తెల్లది. నడుమ ఆవగింజంత బొట్టు. బాపు గంప పక్కకు పెట్టి వంగి చూసిండు. బాపమ్మ ఒక చెక్కను అరచేతిల పెట్టించుకున్నది.

"ఇది పోయి పోయి వచ్చిందా?"

"ఊ."

"ఇన్నిసార్లు పైకి కిందికి తిరిగిందా, మన ఎండ మోస్తే?"

"ఊ."

బాపమ్మ దాన్ని పొద్దుకు పట్టి చూసింది. ఆ పొరలల్లకెళ్ళి వెలుగు ఆమె చెంప మీద పడ్డది. అది కరిగి ఏళ్ళ సందుల కారుతుంటే, ఆ తడి చెయ్యిని రెండు కండ్లకు అద్దుకున్నది.

"అయితే ఆ పుస్తకం రాసినోనికి ఎండదెబ్బ తాకలేదు," అన్నది మెల్లగ. అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఆమె నోట నేను మల్ల వినలేదు.

పసుపు బతికిందా లేదా మాత్రం అప్పుడే తెలువదు. ఎండేదాక ఆగాలె. ఆ రోజులల్ల బాపు తిండి తిన్నడో లేదో నాకు గుర్తులేదు గని, పొద్దుకొకసారి మొగులు దిక్కు చూసుడు గుర్తున్నది. ఎండిన పసుపు కొమ్మును చెవి కాడ పెట్టి విరుస్తరు. మంచిగ ఎండితే ఇనుము మోగినట్టు కణ్ మంటది. లోపల పాడైతే చప్పుడు రాదు, వంగి తెగుతది. ఒకనాడు పొద్దున బాపు అందరినీ పిలిచిండు. పరదా కింది పసుపుల ఒక కొమ్ము తీసి విరిచిండు. కణ్. అది మోగుతదని అందరికీ తెలుసు. తరువాత మేము రాళ్ళు ఏరిన కిందిభాగంల చెయ్యి పెట్టిండు. ఒకటి తీసిండు, అది పెట్టేసి ఇంకోటి తీసిండు. చిన్నత్త ఓణి కొస నోట్ల కుక్కుకున్నది. బాపు కండ్లు మూసుకొని విరిచిండు.

కణ్.

విరిగిన ముక్క అమ్మకు చూపెట్టిండు. లోపల పండిన నారింజ రంగు. అమ్మ నిలబడ్డ కాడనే కూలబడి కొంగు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

ఉప్పు పడ్డ మూల కొమ్ము మోగలేదు. వంగి, నల్లటి కడుపు చూపెట్టింది. బాపు బాపమ్మ దిక్కు చూసిండు.

"అది అమ్మేది కాదు, మనకు," అన్నది బాపమ్మ, ముందే అనుకున్నట్టు. "దిష్టంతా దాని మీదికి పోయింది గనుకనే మిగిలింది బతికింది."

చిన్నత్త ఆ నల్లటి కొమ్మును చేటలకు విసిరి, పుస్తకం అందుకున్నది.

ఇప్పుడు ఆ కడాయిలు లేవు, ఆవిరి మిషన్లొచ్చినయి. మా కల్లం కాడ ఎవరిదో మామిడితోట ఉన్నది. మబ్బు పుట్టకముందే ఫోన్లు మొత్తుకుంటున్నయి, మంచిదే, నేనేం కాదంటలేను. గని మబ్బు కడుపుల ఏం తిరుగుతున్నదో చేతిల పట్టుకొని చూసినోళ్ళు ఎంతమంది?

ఆ మూల పసుపును మిద్దె మీద ఇంక కొన్ని పొద్దులు ఎండబెట్టి, నల్లవి ఏరి పారేసి, మిగిలింది దంచి ఇంట్ల వాడుకున్నం. మసక రంగు. ఏ చెరువు నీళ్ళో ఎండకు లేచి, గద్దలు కూడ పోని ఎత్తుకు పోయి, గడ్డకట్టి, పొర మీద పొర కప్పుకొని, మా కల్లంల పడి, బాపమ్మ ఉప్పుకు కరిగి ఆ కొమ్ములల్ల ఇంకినయి. గంత తొవ్వ నడిచొచ్చిన ఆకాశం ఆ ఏడంతా రోజూ మా పప్పుల కలిసింది. మేము ఉప్పెక్కువైందని అమ్మ మీద లేసుకుంట తిన్నం.